మన బడి, మన పాట – 11: ప్రాస కోసం చరిత్ర మార్చొద్దు



పోయిన వారం మన వాడల్లో రాత్రిబడుల గురించి రాశాను. ఆ బడుల్లో చిన్న పిల్లల చేత ఏం పాడించాలి అనేది ఈ వారం విషయం. ఇదేం పెద్ద సమస్య అనుకునేవాళ్లకు నాకు జరిగిన పరాభవం ముందు చెబుతాను.

మా వాడలో సాయంత్రం పూట ఒక చిన్న చదువుల కేంద్రం నడుపుతున్నాం. రెండో తరగతి నుంచి ఐదో తరగతి దాకా పిల్లలు వస్తారు. ఏప్రిల్ 14కి వాళ్ల చేత ఒక పాట పాడించాలనుకున్నాం. ముందు రోజు రాత్రి పది నిమిషాల్లో రాసేశాను.

అంబేద్కరు వచ్చాడు
రాజ్యాంగం తెచ్చాడు
హక్కులన్నీ ఇచ్చాడు
అందరికీ నచ్చాడు

ప్రాస బాగా కుదిరిందని మురిసిపోయాను. పొద్దున పిల్లలకు నేర్పుతుంటే మూడో తరగతి పిల్లాడు చెయ్యెత్తాడు.

"అన్నా, ఎక్కణ్ణుంచి తెచ్చాడు?"

నేను నోరు తెరిచేలోపే పక్కవాడు చెప్పేశాడు. "లండన్ నుంచి రా."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక మాత్రం నవ్వు రాలేదు. రాజ్యాంగం ఎక్కడెక్కడినుంచో ఎత్తుకొచ్చిన పుస్తకమని మన మీద జరిగే ప్రచారం మనకు తెలుసు. దాన్ని నా చేత్తోనే పిల్లల నోట్లో పెట్టాను. "వచ్చాడు"కి ప్రాస కావాల్సి వచ్చి "తెచ్చాడు" రాశాను. నిజానికి ఏం జరిగింది? 1947 ఆగస్టు చివర ముసాయిదా కమిటీ ఏర్పడింది. 1949 నవంబరు 26న రాజ్యాంగం ఆమోదం పొందింది. ముసాయిదా మీద 7,635 సవరణలు వస్తే, వాటిలో సభ ముందుకొచ్చి చర్చ జరిగినవి 2,473. సభలో లేచి నిలబడి జవాబులు చెప్పిన మనిషిని, ఒంట్లో బాగాలేకపోయినా ఆ పని చేసిన మనిషిని, నేను పండక్కి మిఠాయి పొట్లం తెచ్చిన మేనమామలాగా చేశాను.

మూడో పాదంలో "ఇచ్చాడు". హక్కులు ఒకరు ఇస్తే వచ్చేవి కావని జీవితమంతా చెప్పినవాడి గురించి రాసిన మాట అది. ఇక నాలుగో పాదం. అంబేద్కర్ అందరికీ నచ్చాడా? 1927 మార్చి 20న మహాద్‌లో చవదార్ చెరువు నీళ్లు తాగినందుకు మనవాళ్లను కర్రలతో కొట్టినవాళ్లకు నచ్చాడా? నాలుగు పాదాల్లో మూడు అబద్ధాలు. ఏ ఒక్కటీ నేను కావాలని ఆడలేదు. మూడూ ప్రాస ఆడించినవే.

ప్రాస చాలా బలమైంది. నువ్వు దాన్ని నడపకపోతే అది నిన్ను నడుపుతుంది. పిల్లల కోసం రాసేటప్పుడు ఇది మరీ ప్రమాదం. పెద్దవాడు చదివి మర్చిపోతాడు. పిల్ల నోటికి ఎక్కిన మాట చచ్చేదాకా పోదు. మన మీద ఉన్న కులం సామెతలు ఇన్ని వందల ఏళ్లు ఎట్లా బతికాయనుకుంటున్నారు? వాటిలో చాలావాటికి ప్రాస ఉంది. ఒక్కటి కూడా ఇక్కడ ఉదాహరణగా రాయను. రాస్తే మళ్లీ నోటికెక్కుతాయి.

తెలుగులో ప్రాస ఎందుకు చవక

విద్యార్థి మిత్రుల కోసం కాస్త వివరంగా చెబుతాను. తెలుగు అజంత భాష. మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. పైగా వాక్యం చివర క్రియ వస్తుంది. ఆ క్రియకు "ఆడు, ఇంది, ఆరు, ఆయి" అనే తోకలు ఉంటాయి. కాబట్టి ఏ రెండు వాక్యాలు పక్కపక్కన పెట్టినా చివర ఒకేలా మోగుతుంది. వచ్చాడు, తెచ్చాడు. నవ్వింది, ఏడ్చింది. ఇది మనం సాధించిన ప్రాస కాదు, వ్యాకరణం ఊరికే ఇచ్చింది. ఊరికే వచ్చింది కాబట్టే చెవికి ఆనదు. పిల్లలకు మనకంటే ముందే విసుగొస్తుంది.

పాత పద్యం చేసినవాళ్లకు ఈ సంగతి తెలిసే ఉంటుందని నాకనిపిస్తుంది. వాళ్లు ప్రాసను పాదం చివర పెట్టలేదు, మొదట్లో పెట్టారు. ప్రతి పాదంలో రెండో అక్షరం ఒకే హల్లు కావాలి. మొదటి అక్షరం గురువైతే అన్ని పాదాల్లోనూ గురువే, లఘువైతే అంతటా లఘువే. బండి, ఎండ, కొండ, దండ. చూడండి, ఇవి నాలుగు వేరు వేరు వస్తువులు. ఒకదాని పక్కన ఒకటి పెడితే ఒక ఊరు కనపడుతుంది. వచ్చాడు, తెచ్చాడు, ఇచ్చాడు అంటే ఏమీ కనపడదు.

అంటే పద్యంలో పనికొచ్చే తెలివి ఉంది. దాన్ని ఎవరి చుట్టూ కంచెగా వేశారన్నది వేరే ప్రశ్న. రెండూ కలిపి చూడాలి.

కందపద్యం తీసుకోండి. నాలుగు పాదాలకూ ప్రాస ఉండాలి. రెండు, నాలుగు పాదాల్లో యతి కుదరాలి. బేసి గణంగా జగణం రాకూడదు. ఆరో గణం జగణం గానీ నలం గానీ అయి తీరాలి. చివరి అక్షరం గురువు కావాలి. ఇంత కట్టుదిట్టమైన పద్యాన్ని తెలుగువాళ్లు ఐదేళ్ల పిల్లలకు మొదటి పాఠంగా పెట్టారు. సుమతీ శతకమంతా కందమే. ఆ పద్యాలు నోటికి రావడం తేలిక, మర్చిపోవడం కష్టం. అది దాని గొప్ప. ఆ కందాల్లోనే ఫలానా కులంవాణ్ణి నమ్మొద్దు, ఆడదాన్ని నమ్మొద్దు అన్న నీతులూ ఉన్నాయి. పిల్ల అర్థం అడగదు, లయ పట్టుకుంటుంది. ఇరవై ఏళ్లు వచ్చాక ఆ లయ వెనకాలే అర్థం లేచి కూర్చుంటుంది.

1823లో ఒక కలెక్టరు చూసింది

ఇది ఇవాళ మనం పెట్టిన ఫిర్యాదు కాదు. 1822లో మద్రాసు గవర్నర్ థామస్ మన్రో జిల్లాల్లో బడుల లెక్క తీయమన్నాడు. బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో నివేదిక పంపాడు. 1816లో తెలుగు వ్యాకరణం అచ్చేసినవాడు ఈయనే, భాష తెలియనివాడు కాదు. తొమ్మిది లక్షలు దాటిన జనాభాకు ఆ జిల్లాలో 533 బడులు, 6,641 మంది చదువుకునేవాళ్లు. బడుల్లో 226 తెలుగువి. బడిలో చదివే పుస్తకాల భాష వేరు, పిల్లలు మాట్లాడే భాష వేరు అని ఆయన రాశాడు. ఎన్నో పద్యాలు గడగడా అప్పజెబుతారు గానీ అర్థం మాత్రం చిలక్కి తెలిసినంతే తెలుసన్నాడు.

అప్పజెప్పగలిగిన ఆ కొద్దిమంది ఎవరో మనం ఊహించుకోవచ్చు. అంటరాని వాడల పిల్లలకు వీధిబడి అరుగు దొరకలేదు. కాబట్టి ఒక చిత్రం జరిగింది. బడికి పోయిన పిల్లకు అర్థం లేని లయ దొరికింది. బడికి పోలేని మన పిల్లకు అర్థం ఉన్న లయ దొరికింది. నాట్ల దగ్గర, కలుపు దగ్గర, రోకలి దగ్గర అమ్మలు పాడిన పాట, ఒప్పులకుప్ప, చెమ్మచెక్క ఆటల్లో అరిచిన పాట. అది అచ్చు కాలేదు. దానికి మార్కులు లేవు. అందుకని దాన్ని సాహిత్యం అనలేదు.

వేమన సంగతి కాస్త భిన్నం. ఆటవెలదికి కందమంత బిగింపు లేదు. ప్రాస నియమం లేదు, యతి ఉంటే చాలు. మాట్లాడినట్టే ఉంటుంది. మాలవాణ్ణి ఎందుకు నిందిస్తారని అడిగిన పద్యం వేమన పేరుతోనే ఉంది. నా బడి పుస్తకంలో మాత్రం ఉప్పూ కర్పూరం పద్యం ఉంది, ఇది లేదు. డిగ్రీ అయిపోయాక ఒక అన్న గదిలో మొదటిసారి చదివాను. ఏ పద్యం పిల్లల నోటికి ఎక్కాలో ఎంచేవాడి చేతిలోనే అసలు అధికారం ఉందని ఆ రోజు అర్థమైంది.

మనవాళ్లకు అచ్చులో పాట ఎట్లా వచ్చింది

ఒంగోలు ప్రాంతంలో మొదటి మార్గం మిషన్ బడి. జాన్ క్లౌ 1866లో ఒంగోలు వచ్చాడు. 1876-78 కరువు, బకింగ్‌హాం కాలువ పని, ఆ తర్వాత 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం. వాళ్లలో అత్యధికులు మాదిగలు. ఈ కథ మతం కోణంలో చాలాసార్లు చెప్పుకున్నాం. బడి కోణంలో చూస్తే మరొకటి కనపడుతుంది. ఆ పల్లెబడుల్లో, చెట్ల కింద ప్రార్థనల్లో, మన పిల్లల చేతికి మొదటిసారి అచ్చయిన పాట వచ్చింది. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట నెత్తిన రాగం, తాళం పేరు ఉంటుంది. పల్లవి, చరణం, మళ్లీ పల్లవి. అక్షరం రాని తల్లి కూడా పల్లవి అందుకుంటుంది. పురుషోత్తమ చౌదరి లాంటివాళ్లు రాసిన కీర్తనల భాష గ్రాంథికమే. కానీ నడక జనానిది. భాష బరువైనా నడక తేలికైతే పాట నిలబడుతుందని అక్కడ తేలింది.

హైదరాబాదులో మరో మార్గం. భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్మిత్ర మండలి పెట్టి హరికథలు, భజనలతో జనంలోకి వెళ్లాడు. 1910లో ఇసామియా బజారులో మన పిల్లలకు బడి తెరిచాడు. ఈ రెండు పనుల వరుస గమనించండి. ముందు పాట, తర్వాత బడి.

గోదావరి వైపు కుసుమ ధర్మన్న. గరిమెళ్ల సత్యనారాయణ "మాకొద్దీ తెల్లదొరతనము" దేశమంతా మోగుతున్న 1920ల మొదట్లో ఆయన "మాకొద్దీ నల్లదొరతనము" రాశాడు. తెల్లదొర పోతే మా నెత్తిన ఉన్న నల్లదొర సంగతేంటి అన్న ప్రశ్నను అందరి చెవుల్లో అప్పటికే తిరుగుతున్న పాట వరసకే కట్టాడు. ఒక్క మాట మార్చి మొత్తం పాటను తిరగేశాడు. వరస కొత్తగా నేర్పాల్సిన పని లేదు. పిల్లల కోసం రాసేవాళ్లు ఈ కిటుకు నేర్చుకోవాలి. తెలిసిన వరసలో తెలియని నిజం చెప్పొచ్చు.

ఇక జాషువా. 1895లో వినుకొండలో పుట్టినవాడు, బడిపంతులు, మూకీ సినిమాలకు కథ చెప్పినవాడు. ఆయన పాత పద్యాన్నే పట్టుకున్నాడు. "మీ కొలబద్దతోనే కొలవండి" అన్నట్టు నిలబడ్డాడు. 1941 నాటి గబ్బిలం మనందరికీ తెలుసు. దానికంటే ముందు మన ఊళ్లలో చాలామందికి జాషువా అందింది బళ్లో కాదు, హరిశ్చంద్ర నాటకంలో కాటిసీను దగ్గర. తెల్లవారుజామున మైకులో ఆ శ్మశానం పద్యాలు రాగం తీస్తుంటే అక్షరం రానివాళ్లు కూడా వన్స్‌మోర్ కొట్టేవాళ్లు. శిశువు, సాలీడు, గిజిగాడు మీద ఆయన రాసిన ఖండికలు చూస్తే చిన్న ప్రాణుల మీద ఆయనకున్న చూపు తెలుస్తుంది. కానీ జాషువా దారిలో మనందరం నడవలేం. దానికి అంత సాధన కావాలి. రాత్రిబడి నడిపే కార్యకర్తకు అంత తీరిక ఎక్కడిది?

3, 4, 3, 4

మనకు పనికొచ్చే దారి 1910లో గురజాడ వేశాడు. ఆ ఏడాది ముత్యాల సరాలు అచ్చయ్యాయి. ఆ ఛందస్సు లెక్క వేళ్ల మీద చెప్పొచ్చు. పొట్టి అక్షరం ఒక మాత్ర, పొడుగు అక్షరం రెండు మాత్రలు. మూడు, నాలుగు, మూడు, నాలుగు. మొత్తం పద్నాలుగు మాత్రల పాదాలు మూడు, నాలుగోది కావాలంటే పొట్టిగా. జగణం రాకూడదు లాంటి నిషేధాలు లేవు. ప్రాస పెట్టాలన్న నిర్బంధం లేదు. అంటరానితనాన్ని నిలదీసిన లవణరాజు కల కూడా ఈ నడకలోనే ఉంది. ఛందస్సు కంచె తీసినవాడే కులం కంచె గురించి కూడా రాయడం నాకు యాదృచ్ఛికంగా అనిపించదు.

ఆ తర్వాత పిల్లల సాహిత్యం ఒక ఉద్యమంగా వచ్చింది. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1945లో "బాల" పత్రిక పెట్టారు. రేడియోలో పిల్లల కార్యక్రమాలు నడిపారు. పిల్ల నోరు తిరిగే తెలుగు కోసం వాళ్లు పడ్డ శ్రమను తక్కువ చేయకూడదు. నేను చిన్నప్పుడు బళ్లో నేర్చిన గేయాలన్నీ ఆ కాలం వేసిన దారిలో వచ్చినవే. వాటిలో పూలతోట ఉంది, ఆవుపాలు ఉన్నాయి, గుడిగంట ఉంది. మా వాడ లేదు. డప్పు లేదు, తోలు నానబెట్టే లంద లేదు, పొద్దున్నే కూలికి పోయే అమ్మ లేదు. తిట్టలేదు, నిజమే. కనపడనివ్వలేదు అంతే. పాటలో తన ఇల్లు ఎన్నడూ కనపడని పిల్ల, తన ఇల్లు పాటకు పనికిరాదనుకుంటుంది. నేను అట్లాగే అనుకున్నాను.

మరి మనవాళ్లు? 1985 జులై 17న కారంచేడు. మా చీరాల వైపు ఆ శిబిరాల నుంచి వచ్చిన పాటలతోనే నా తరం పెరిగింది. అవి మమ్మల్ని నిలబెట్టాయి. కానీ అవి పెద్దవాళ్ల పాటలు. శవాలు, నెత్తురు, ప్రతిజ్ఞ. ఆరేళ్లకు అవి నోటికొచ్చేశాయి నాకు. ఆ తర్వాత మన కవులు ఎక్కువగా వచన కవిత్వం వైపు వెళ్లారు. 1995లో వచ్చిన "చిక్కనవుతున్న పాట" సంకలనం తెలుగు కవిత్వాన్నే మార్చేసింది. పద్యం కంచెను దాటడానికి వచనం సరైన ఆయుధమే. దాంతో ఒక ఖాళీ మిగిలిపోయింది. వచన కవితను ఏడేళ్ల పిల్ల నోటికి పట్టుకోలేదు. మనలో చేయి తిరిగిన కవులు లయ వదిలేశారు, లయ వదలని వాగ్గేయకారులు సభల కోసం రాశారు. మధ్యలో పిల్లలు మిగిలారు.

సావిత్రిబాయి ఫూలే ఈ తప్పు చేయలేదు. 1848లో పుణెలో బడి మొదలైంది. 1854లో, ఇరవై మూడేళ్ల వయసులో, ఆమె "కావ్యఫూలే" అచ్చేయించింది. చదువుకోమని పిల్లలకు చెప్పే పద్యాలు అందులో ఉన్నాయి. మరుసటి ఏడాది ఫూలేల బడిలో చదివిన మాంగ్ బాలిక ముక్తా సాల్వే రాసిన వ్యాసం జ్ఞానోదయ పత్రికలో అచ్చయింది. పంతులమ్మ పద్యం రాసిన ఏడాదికి పిల్ల వచనం రాసింది. పిల్లల పాట ఏం చేయగలదో చెప్పడానికి నాకు ఇంతకంటే పెద్ద ఉదాహరణ తెలియదు.

పెదనాయన దిద్దిన పాట

మళ్లీ నా పాట దగ్గరికి వస్తాను. మొదటిది చింపేసి ఒక నియమం పెట్టుకున్నాను. ముందు నిజం, తర్వాత మాట, ఆఖరున ప్రాస. అంబేద్కర్ తన బాల్యం గురించి స్వయంగా రాసింది తెరిచాను. సాతారా బడిలో ఆయన విడిగా గోనెపట్టా మీద కూర్చోవాలి. బడి ఊడ్చే మనిషి ఆ గోనెను ముట్టడు కాబట్టి సాయంత్రం ఇంటికి మోసుకుపోయి పొద్దున మళ్లీ తెచ్చుకోవాలి. ఇది పిల్లలకు కళ్లకు కట్టే వస్తువు. వాళ్లకు సంచి తెలుసు, మోయడం తెలుసు. గురజాడ లెక్కలో రాశాను.

గోనె సంచీ చుట్టబెట్టుకు
తానె మోసుకు బడికి పోయిన
చిన్న భీముడు దాహమేస్తే
కుండ ముట్టడు – ఎందుకో?

బాగానే వచ్చిందనుకున్నాను. మళ్లీ ఆయన రాసింది చూశాను. అక్కడ కుండ లేదు. కొళాయి ఉంది. దాహమేస్తే పంతులు దగ్గర సెలవు తీసుకోవాలి, బంట్రోతు వచ్చి కొళాయి తిప్పాలి. బంట్రోతు లేకపోతే నీళ్లు లేవు. మరి నాకు కుండ ఎక్కణ్ణుంచి వచ్చింది? "అంటరానితనం" అనగానే మన బుర్రలో తయారుగా ఉన్న బొమ్మ అది. "తెచ్చాడు" లాంటిదే మళ్లీ. ఈసారి మోసం చేసింది ప్రాస కాదు, అలవాటు.

"కొళాయి ముట్టడు" అని మార్చి మా పెదనాయనకు వినిపించాను. ఆయన డప్పు కొట్టేవాడు, ఇప్పుడు చేతులు సహకరించవు. బడికి పోలేదు. గురువు, లఘువు అన్న మాటలు ఆయనకు తెలియవు. మంచం పట్టె మీద వేళ్లతో దరువేస్తూ విన్నాడు. నాలుగో పాదం దగ్గర చెయ్యి ఆపేశాడు.

"ఇక్కడ దెబ్బ తప్పుద్దిరా. కొళాయి అని సాగదీస్తావేంది? పంపు అను."

పంపు. రెండూ ఒకటీ మూడు మాత్రలు. కుండ ఉన్న చోట సరిగ్గా కూర్చుంది. మా పిల్లలు కొళాయిని పిలిచేదీ పంపు అనే. నిజం, వాడుక మాట, లయ, మూడూ ఒక్క మాటలో దొరికాయి. నేను పరీక్షల కోసం ఏళ్ల తరబడి "గణవిభజన చేయుము" అన్న ప్రశ్నకు జవాబులు రాశాను. చదువురాని ఆ మనిషి మంచం పట్టె మీద గణవిభజన చేసి చూపించాడు.

పిల్లలు ఒక్క సాయంత్రంలో నేర్చేసుకున్నారు. "ఎందుకో?" దగ్గర పాట ఆగుతుంది. జవాబు నేను రాయలేదు. ఒకమ్మాయి మర్నాడు వచ్చి, ఇంట్లో పాడితే నాయనమ్మ తన సంగతి చెప్పిందంది. టీకొట్టు బయట చూరుకింద పెట్టిన గ్లాసు గురించి, తాగి తనే కడిగి పెట్టి రావడం గురించి. ఆ ముసలామె కొడుక్కి కూడా ఎప్పుడూ చెప్పలేదట. ఆ రోజు పాఠం నేను చెప్పలేదు, ఆ పిల్లే చెప్పింది.

ఒక మిత్రుడు అభ్యంతరం పెట్టాడు. "పసిపిల్లలకు అవమానం ఎందుకు నేర్పుతావు? వాళ్లను ఆడుకోనివ్వు." ఈ మాటను కొట్టిపారేయలేను. మన పిల్లలకు మన చరిత్ర అంటే దెబ్బలు తిన్న చరిత్ర మాత్రమే అన్న భావం కలిగితే అది కూడా అబద్ధమే. నీళ్ల కథ వాళ్లు తెలుసుకోవాలి. మహాద్ చెరువూ కారంచేడు మంచినీళ్ల చెరువూ ఎప్పటికైనా వాళ్ల ముందుకొస్తాయి. దాంతోపాటు వాడలో సంతోషం కూడా పాట కావాలి. అందుకని రెండో పాట పిల్లలతో కలిసి కట్టాం. ఈసారి కందంలో ఉండే రెండో అక్షరం ప్రాసనే తీసుకున్నాం. పలక మీద "ండ" అని రాసి, ఆ అక్షరమున్న మాటలు చెప్పమన్నాను. ముప్పై మాటలు వచ్చాయి. వాటిలోంచి ఇది తేలింది.

ఎండు గడ్డికి నిప్పు పెడదాం
నిండు వెన్నెల డప్పు కాద్దాం
పండు ముసలీ తాత లేచే
గుండె అదిరే దరువు వేద్దాం

మూడో పాదం మా పెదనాయన గురించని చెప్పక్కర్లేదు. యతి లేదు, పండితులు క్షమించాలి. నాలుగు పాదాలకూ ప్రాస ఉంది, మాత్రలు తప్పలేదు. డప్పు కాచడం చూడని పిల్ల మా వాడలో లేదు. అది పాటలో ఉండొచ్చని మాత్రం వాళ్లకు అప్పుడే తెలిసింది.

రాయబోయే మిత్రులకు

రాత్రిబళ్లు, హాస్టళ్లు, సంఘాల్లో పనిచేసే మీలో చాలామంది పిల్లలకు పాటలు రాస్తారు. నా తప్పుల నుంచి నేర్చుకున్నవి చెబుతాను.

పాదం చివర క్రియ తోకలతో ప్రాస కుదిరితే అనుమానించండి. క్రియను పాదం మధ్యకు జరిపి, చివర ఒక వస్తువు పేరు పెట్టి చూడండి. ప్రాస కోసం ఒక మాట వచ్చిందంటే, ప్రాస లేకపోయినా ఆ మాట రాసేవాళ్లమా అని అడగండి. లేదనిపిస్తే కొట్టేయండి. గొప్ప మాటలు తగ్గించండి. చైతన్యం, విముక్తి, సమానత్వం మనకు ప్రాణం. ఏడేళ్ల పిల్లకు గోనె, పంపు, గ్లాసు ప్రాణం. నాయకుడి గురించి రాస్తే ఆయన చేసిన ఒక్క పని రాయండి, పొగడ్త వద్దు. రాసింది డప్పు తెలిసినవాళ్లకో, పాట తెలిసిన అమ్మలకో వినిపించండి. వాళ్ల చెయ్యి ఎక్కడ ఆగితే అక్కడ తప్పుంది. చివరగా పిల్లలకు వినిపించండి. వాళ్లు పాట మార్చి పాడితే దిద్దొద్దు, ఎందుకు మార్చారో చూడండి.

పిల్లలు ఇంగ్లీషు మీడియంలో చదువుతున్నారు కదా, ఈ తెలుగు పాటలెందుకని కొందరు అడుగుతారు. ఇంగ్లీషు మన హక్కు, అందులో నాకు రెండో మాట లేదు. కానీ నాయనమ్మ ఇంగ్లీషులో చెప్పదు. గ్లాసు కథ బయటికి రావాలంటే ఆమెకు అర్థమయ్యే పాట ఇంట్లో వినపడాలి.

వేల ఏళ్లు మన గురించి మాటలు కట్టినవాళ్లు వాటిని ప్రాసతో కట్టారు, అందుకే అవి ఇంకా ఊడలేదు. మనం కట్టే మాటలు అంత గట్టిగా ఉండాలి. నిజంగానూ ఉండాలి. ఈ రెండో పని వాళ్లకు లేదు, మనకు ఉంది. అందుకే మన పని కష్టం.

వచ్చే భాగంలో హాస్టళ్ల చరిత్ర. మీ అమ్మమ్మ, నాయనమ్మ పాడిన ఆటపాట ఏదైనా ఉంటే ఈ లోపు రాసి పెట్టుకోండి. వాళ్లున్నప్పుడే.

జై భీమ్.